ఎత్తుకునే ముందు ఎదురుచూడాలి

2023 మార్చి మొదట్లో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులి కూనలు కనిపించాయి. కుక్కల బారిన పడకుండా ఊరివాళ్ళు వాటిని ఒక గదిలో పెట్టి అటవీ శాఖకు కబురు పంపారు. సిబ్బంది నల్లమల అంచుల్లో తల్లి అడుగుజాడల కోసం గాలించారు, కెమెరాలు కట్టారు. రాత్రిపూట కూనలను అడవిలోకి తీసుకెళ్ళి తల్లి వస్తుందేమోనని కాపు కాశారు. అది రాలేదు. చివరికి నాలుగు ఆడకూనలనూ తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తరలించారు.

ఆ ఊరివాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కుక్కల మధ్య వదిలేస్తే ఆ కూనలు ఎంతసేపు బతికేవో ఎవరు చెప్పగలరు? అయితే ఈ ఉదంతం ఒక విషయాన్ని తేటగా చూపించింది. అడవి జంతువు పిల్లను నేలమీంచి ఎత్తడం ఒక్క నిమిషం పని. దాన్ని మళ్ళీ తల్లి దగ్గరికి చేర్చాలంటే మాత్రం అటవీ డివిజన్ మొత్తం రాత్రింబవళ్ళు శ్రమించినా చాలకపోవచ్చు.

ఇలాంటి సందర్భాలు పులుల అడవి పక్కన ఉండేవాళ్ళకే ఎదురవుతాయనుకోనక్కర్లేదు. కంది చేలో ముడుచుకుని పడుకున్న దుప్పి పిల్ల, కొమ్మలు కొట్టించినప్పుడు గూడుతో సహా కిందపడిన ఉడుత పిల్లలు, చెరకు తోటలో కూనలు, రోడ్డు పక్కన కాలు విరిగిన కృష్ణజింక, సంక్రాంతి గాలిపటాల మాంజాలో చిక్కుకున్న గబ్బిలం... ఏదో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు కంటబడుతుంది. చూడగానే జాలి పుడుతుంది. ఆ జాలితో మన చేతులు మూడు పనులకు తొందరపడతాయి: ఎత్తుకోవడం, నిమరడం, పాలు పట్టడం. మనుషుల బిడ్డకైతే మూడూ మేలే. అడవి బిడ్డకు మూడూ కీడే. ఎందుకో తెలియాలంటే ఆ జంతువుల ఒంట్లో ఏం జరుగుతుందో, తల్లులు పిల్లలను ఎలా సాకుతాయో చూడాలి.

తల్లి కనబడనంత మాత్రాన లేనట్టు కాదు

చుక్కల దుప్పి, కృష్ణజింక వంటివి ఈనిన తొలి రోజుల్లో పిల్లను వెంట తిప్పుకోవు. గడ్డిలోనో పొదలోనో పడుకోబెట్టి దూరంగా వెళ్ళి మేస్తాయి. పాలివ్వడానికి మాత్రమే వచ్చి, ఒళ్ళంతా నాకి, మళ్ళీ తప్పుకుంటాయి. ఇందులో నిర్లక్ష్యం లేదు, లెక్క ఉంది. పెద్ద జింక ఒంటి వాసన, కదలిక వేటజంతువులను రప్పిస్తాయి. పుట్టిన పిల్లకు వాసన చాలా తక్కువ, ఒంటి రంగు చుట్టూ ఉన్న ఎండుగడ్డిలో కలిసిపోతుంది. కాబట్టి తల్లి ఎంత దూరంలో ఉంటే పిల్ల అంత క్షేమం. అలికిడి వినగానే పిల్ల మెడ నేలకు ఆనించి కదలకుండా ఉండిపోతుంది. కొన్ని జింక జాతుల పిల్లల్లో ఆ క్షణాన గుండె వేగం కూడా బాగా తగ్గిపోతుందని పరిశోధకులు కొలిచి చూశారు. మనం దగ్గరికి వెళ్ళినా పారిపోని పిల్లను చూసి 'పాపం, లేవలేకపోతోంది' అనుకుంటాం. నిజానికి అది పుట్టుకతో వచ్చినదాన్ని తు.చ. తప్పకుండా చేస్తోంది.

అడవి కుందేలు పిల్లలదీ ఇదే తీరు. అవి బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుడతాయి. తల్లి వాటిని నేలమీద చిన్న గుంటలోనో గడ్డి దుబ్బులోనో వదిలి, చీకటిపడే వేళ వచ్చి కొద్ది నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. పగలంతా కాపలా కాసినా తల్లి జాడ కనబడకపోవచ్చు. అందుకని అనాథ అని తీర్మానించడం తొందరపాటు.

పిల్లి జాతి తల్లులు వేటకు వెళ్ళినప్పుడు కూనలు గంటల తరబడి ఒంటరిగా ఉంటాయి. ఒకచోట అలికిడి ఎక్కువైతే తల్లి వాటిని మెడపట్టి ఒక్కొక్కటిగా వేరే చోటికి మారుస్తుంది. మొదటిదాన్ని చేర్చి రెండోదాని కోసం వచ్చేలోపు మనం చూస్తే, ఒక్క కూనే దిక్కులేకుండా కనిపిస్తుంది. ఉడుతకు ఒకటికంటే ఎక్కువ గూళ్ళు ఉంటాయి. ఒకటి పడిపోతే పిల్లలను ఇంకోదానికి మోసుకుపోవడం దానికి అలవాటే. పునుగుపిల్లి అటక మీద పిల్లలు పెడితే, పగలు తల్లి కూడా అక్కడే ఎక్కడో నిద్రపోతూ ఉంటుంది. లోపల ఎవరున్నారో చూడకుండా పైకప్పు కంత మూసేస్తే అప్పటిదాకా లేని అనాథలను మనమే తయారుచేసినట్టు.

'మనిషి చేయి తగిలితే తల్లి ఇక దగ్గరికి రానివ్వదు' అన్న మాట మన పల్లెల్లో గట్టిగా పాతుకుపోయింది. క్షీరదాల్లో చాలావాటికి ఇది వర్తించదు. నెలల తరబడి కడుపున మోసి కన్న పిల్లను కొత్త వాసన తగిలిందని తల్లి అంత తేలిగ్గా వదులుకోదు. తల్లి వెనకాడేది మనిషి వాసనకన్నా మనిషి ఉనికికి. ఫోన్లు పట్టుకుని చుట్టూ నిలబడిన గుంపు కదిలేదాకా అది పొదల్లోంచి బయటికి రాదు. కాబట్టి ఇప్పటికే ఎవరో ఎత్తుకుని తెచ్చేసిన పిల్ల విషయంలోనూ 'ఇక లాభం లేదు' అనుకోనక్కర్లేదు. దొరికిన చోటికే, ఎంత త్వరగా చేర్చితే అంత ఆశ ఉంటుంది. ఏనుగుల విషయంలో సిబ్బంది మరికొంత జాగ్రత్త పడతారు. 2023 డిసెంబరులో తమిళనాడులోని ఆనమలై పులుల అభయారణ్యంలో తప్పిపోయిన గున్నను మందలో కలిపే ముందు, మనిషి వాసన పోయేలా నీళ్ళతో కడిగి బురద పూశారు. డ్రోన్లతో మందను వెతికి, తల్లితో కలిపారు.

చెరకు తోటలో ఒక పెట్టె

తల్లీపిల్లలను కలపడంలో మన దేశంలో బాగా చేయి తిరిగిన చోటు మహారాష్ట్రలోని పుణె జిల్లా జున్నర్ ప్రాంతం. అక్కడ చిరుతలు చెరకు తోటల్లోనే కాపురం పెట్టి, అక్కడే ఈనుతాయి. కోత మొదలవగానే కూలీల కత్తుల ముందు కూనలు బయటపడతాయి. ఒకప్పుడు వాటిని తీసుకెళ్ళి బోనుల్లో పెంచేవారు. ఇప్పుడు అటవీ శాఖ, మాణిక్‌డోహ్ చిరుతల సంరక్షణ కేంద్రం సిబ్బంది వేరే దారి పట్టారు.

కూనలకు దెబ్బలేమైనా తగిలాయేమో పశువైద్యుడు చూస్తాడు. ఒంట్లో నీరు తగ్గి ఉంటే సరిచేస్తాడు. పొద్దుగుంకే వేళకు వాటిని దొరికిన చోటే, తల్లి సులువుగా తోసేయగల పెట్టెలో పెడతారు. చుట్టూ కెమెరాలు కట్టి మనుషులందరినీ ఖాళీ చేయిస్తారు. చీకట్లో తల్లి వస్తుంది, పెట్టెను పడదోస్తుంది, కూనలను ఒక్కొక్కటిగా నోట కరుచుకుని పోతుంది. మొదటి రాత్రి రాకపోతే రెండో రాత్రి మళ్ళీ పెడతారు. ఇలా ఎన్నో చిరుత కుటుంబాలు తిరిగి ఒక్కటయ్యాయి. అదే తోటల్లో దొరికే అడవిపిల్లి కూనలకూ ఇదే పద్ధతి.

దీని లాభం కూనలకే కాదు, రైతులకూ ఉంది. పిల్లలు పోయిన తల్లి ఆ పొలాల చుట్టూనే అశాంతిగా తిరుగుతుంది, దాంతో మనుషులకు ముప్పు పెరుగుతుంది. 'పట్టి దూరంగా అడవిలో వదిలేస్తే పీడ పోతుంది కదా' అనిపించవచ్చు. ఆ ప్రయోగమూ జున్నర్‌లోనే జరిగింది. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో చిరుతలను పెద్ద సంఖ్యలో పట్టి వేరేచోట్ల వదిలారు. విద్యా ఆత్రేయ బృందం ఆ లెక్కలు తీసి చూస్తే, మనుషుల మీద దాడులు తగ్గడానికి బదులు పెరిగాయని తేలింది. తెలియని నేలమీద వదిలిన జంతువుకు నీళ్ళెక్కడో, దాక్కునే చోటెక్కడో, ఏ హద్దు ఎవరిదో తెలియదు. పెద్ద చిరుతకే అంత కష్టమైతే, కూన సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇంకో మాట. మన పొలాల్లో 'చిరుత పిల్లలు దొరికాయి' అని హడావుడి జరిగిన చోట తరచూ ఉండేవి అడవిపిల్లి కూనలు. చిరుత కూన ఒళ్ళంతా నల్లమచ్చలు ఒత్తుగా ఉంటాయి, చెవులు గుండ్రంగా ఉంటాయి. అడవిపిల్లి కూన ఇసుక రంగులో ఉంటుంది, చారలు లీలగా కనిపిస్తాయి, చెవులు కోసుగా నిక్కి ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి దగ్గరికి పోవద్దు. దూరం నుంచి ఒక ఫొటో తీసి పంపితే చాలు, పోల్చగలిగినవాళ్ళు పోలుస్తారు. చిరుత, ఎలుగుబంటి, ఏనుగు పిల్ల ఏది కంటబడినా 'ఆగి చూడటం' అన్న సూత్రం వర్తించదు. వచ్చిన దారినే, పరుగెత్తకుండా, వెంటనే వెనక్కి మళ్ళాలి. ఎలుగుబంటి తల్లి పిల్ల దగ్గర మనిషిని చూస్తే ముందు మీదపడుతుంది. ఉద్దానం జీడితోటల్లోకి వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఎప్పుడు కలగజేసుకోవాలి

అన్ని పిల్లలకూ తల్లి ఎక్కడో కాచుకుని ఉండదు. పక్కనే తల్లి చచ్చిపడి ఉంటే సందేహమే లేదు. ఇంకొన్ని గుర్తులూ ఉన్నాయి: ఒళ్ళు చల్లబడటం, నెత్తురు కారడం, కాలు వేలాడటం, చీమలు పట్టడం, కళ్ళు లోపలికి పోవడం, గంటల తరబడి ఆగకుండా అరవడం. ముడుచుకుని దాక్కోవాల్సిన పిల్ల బయటికొచ్చి మనుషుల వెంట పడటం కూడా ఆకలికి గుర్తే. బొచ్చు మీద నూకల్లాంటి తెల్లటి గుంపులు కనిపిస్తే అవి ఈగల గుడ్లు. మన ఎండలకు అవి ఒక్క రోజులోనే పురుగులైపోతాయి. ఆ పిల్లకు సాయం ఆలస్యం కాకూడదు. కుక్కో పిల్లో నోట కరుచుకున్న పిల్లకు పైకి గాయం కనబడకపోయినా వైద్యం కావాలి. కోరలు చేసే రంధ్రం చిన్నది, లోపలికి దిగే సూక్ష్మజీవులు చాలా.

ఈ గుర్తులేవీ లేకపోతే చేయాల్సిన మొదటి పని కుక్కలను కట్టేసి, పిల్లలను ఇంటికి పంపి, మనమూ దూరం జరగడం. దుప్పి, కుందేలు పిల్లలైతే మర్నాటి ఉదయం దాకా తల్లికి అవకాశమివ్వాలి. ఉడుత పిల్లలైతే గుడ్డ పరిచిన చిన్న బుట్టలో పెట్టి, చీమలు, పిల్లులు చేరకుండా అదే చెట్టుకు కట్టి పక్కకు తప్పుకోవాలి. ఉడుత పగటి జీవి, రాత్రి రాదు. పొద్దుగుంకేదాకా తల్లి రాకపోతే అప్పుడు పిల్లలను లోపలికి తీసుకోవాలి. నడిరోడ్డు మీదనో కోత యంత్రం దారిలోనో పిల్ల ఉంటే తువ్వాలుతో పట్టుకుని పక్కనే ఉన్న పొదలోకి మార్చవచ్చు. ఊళ్ళోకి తేవాల్సిన పని లేదు.

బెదురు కూడా చంపుతుంది

రోడ్డు దాటుతూ బండి తగిలిన కృష్ణజింకను పదిమంది వెంటపడి పట్టుకుంటారు. ఆటోలో వేసి, తల ఒళ్ళో పెట్టుకుని, ఆసుపత్రికి చేరుస్తారు. గాయం చిన్నదే. కట్టు కట్టాక లేచి నిలబడుతుంది కూడా. మర్నాడో ఆ మర్నాడో చచ్చిపోతుంది. ఇలాంటి చావుకు పశువైద్యులు పెట్టిన పేరు క్యాప్చర్ మయోపతి. కృష్ణజింకలు, దుప్పుల వంటి బెదురు జంతువులకు ఇది ప్రధాన శత్రువు.

వేటజంతువు వెంటపడినప్పుడు జింక కండరాలు ఉన్న శక్తినంతా ఒక్కసారిగా ఖర్చు పెడతాయి. అడవిలో ఆ పరుగు నిమిషాల్లో తేలిపోతుంది, తప్పించుకోవడమో చావడమో. మనుషుల చేతుల్లో అలా కాదు. పట్టుకున్నాక కూడా గింజుకుంటూనే ఉంటుంది, భయం గంటల తరబడి సాగుతుంది. కండరాలకు ప్రాణవాయువు చాలక లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఒంటి వేడి పెరుగుతుంది, కండరాల కణాలు పగిలిపోతాయి. వాటిలోని పొటాషియం నెత్తుట్లో కలిసి గుండె లయను తప్పిస్తుంది. మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ మూత్రపిండాల్లోకి చేరి, పంటకాలువలో నాచు అడ్డుపడినట్టు సన్నని నాళాలను పూడ్చేస్తుంది. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారుతుంది. ఈ దశ దాటాక బతికించడం చాలా కష్టం. మందుకన్నా ముందుజాగ్రత్తే దీనికి మేలైన చికిత్స: తరమకపోవడం, కళ్ళకు గంతలు కట్టడం, నిశ్శబ్దంగా ఉండటం, వీలైనంత త్వరగా వదిలేయడం.

ఇక్కడే నిమరడం గురించి చెప్పుకోవాలి. ఒళ్ళో కదలకుండా పడుకున్న కుందేలును చూసి 'మచ్చికైంది, మనల్ని నమ్మింది' అని మురిసిపోతాం. దానికి మనం వేటజంతువులం. తల మీద కదిలే చేయి దానికి ఓదార్పుగా అందదు. ఆ కదలకపోవడం భయం ముదిరి బిగుసుకుపోవడం. మాటలు, ముద్దులు, సెల్ఫీలు ఒక్కొక్కటీ ఆ భయానికి మరికొంత ఆజ్యం పోస్తాయి.

బావిలో పడ్డ జంతువు విషయంలోనూ గుంపే పెద్ద ప్రమాదం. పైన వందమంది అరుస్తుంటే, కింద అది గోడలకేసి కొట్టుకుంటూ ఈదీ ఈదీ అలిసిపోతుంది. చిరుత బావిలో పడినచోట అటవీ సిబ్బంది తాళ్ళతో మంచం దించి, అది ఎక్కి నిలదొక్కుకున్నాక నిచ్చెనో బోనో దించుతారు. వాళ్ళు వచ్చేలోగా జనాన్ని వెనక్కి పంపడమే ఊరివాళ్ళు చేయగల మేలు.

ఉచ్చుల సంగతి వేరు. అడవిపందుల కోసం పెట్టిన తీగ ఉచ్చు దుప్పి కాలికో చిరుత నడుముకో బిగుసుకుంటుంది. జాలితో తీగ కత్తిరించి వదిలేస్తే పని అయిపోయిందనుకుంటాం. బిగిసిన చోట నెత్తురు ఆడక లోపలి కండ అప్పటికే చచ్చిపోయి ఉండవచ్చు. అది పైకి కుళ్ళి కనిపించేది కొన్ని రోజుల తర్వాతే. అందుకే ఉచ్చులోంచి తీసిన జంతువును పశువైద్యులు వెంటనే వదలరు, కొద్ది రోజులు ఉంచి చూస్తారు. పైగా ఉచ్చులోని చిరుత దగ్గరికి కత్తెరతో వెళ్ళడం ప్రాణాలతో చెలగాటం.

గిన్నెడు పాల వెనక

ఆకలిగా కనిపించిన ఏ పిల్లకైనా మన ఇళ్ళలో మొదట గుర్తొచ్చేది ఆవు పాలో గేదె పాలో. పాలన్నీ తెల్లగానే ఉన్నా వాటి కూర్పు జాతికో తీరు. ఆవు పాలలో కొవ్వు సుమారు 4 శాతం, ప్రొటీన్ 3 శాతం పైచిలుకు, లాక్టోజ్ చక్కెర 5 శాతం దగ్గర ఉంటాయి. కుందేలు పాలలో కొవ్వు, ప్రొటీన్ రెండూ 10 శాతం దాటతాయి, లాక్టోజ్ 2 శాతం లోపే. రోజుకు కొద్ది నిమిషాలే పాలిచ్చే తల్లి అంత చిక్కటి పాలు ఇవ్వాల్సిందే మరి. పిల్లి, కుక్క వంటి మాంసాహార జంతువుల పాలలోనూ ప్రొటీన్ ఆవు పాలకన్నా రెట్టింపు ఉంటుంది. అరగని లాక్టోజ్ పేగుల్లో పులిసి విరేచనాలు పట్టుకుంటాయి. అరచేతిలో పట్టే పిల్లకు ఒక్క రోజు విరేచనాలు చాలు, ఒంట్లో నీరంతా పోవడానికి.

ఏ పాలన్నది ఒక చిక్కు. ఎలా పట్టాలన్నది అంతకంటే పెద్ద చిక్కు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పట్టుకుని దూదితోనో సిరంజితోనో పాలు పిండితే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ పూట బాగానే ఉన్న పిల్ల రెండు మూడు రోజుల్లో న్యుమోనియాతో పోతుంది. చల్లబడిన పిల్లకు పాలు పట్టడం ఇంకా ప్రమాదం. ఒళ్ళు చల్లగా ఉంటే పేగులు కదలవు, లోపలికి పోయింది అరగదు. అందుకే వన్యప్రాణి వైద్యులు ఒక వరుస పాటిస్తారు: ముందు వెచ్చబరచడం, తర్వాత ఒంట్లో నీరు నింపడం, ఆ తర్వాతే ఆహారం.

మరో రెండు సంగతులు పాలు పట్టేవాళ్ళకు సాధారణంగా తెలియవు. చాలా జంతువుల పసిపిల్లలు తమంతట తాము మూత్రవిసర్జన చేయలేవు. తల్లి పొట్ట కింద నాకితేనే ఆ స్పందన కలుగుతుంది. తల్లి లేనప్పుడు పాలు తాగించి పడుకోబెడితే మూత్రాశయం ఉబ్బిపోతుంది. ఇక నెమరువేసే జంతువుల దూడలు రోగనిరోధక శక్తి లేకుండానే పుడతాయి. కడుపులో ఉండగా తల్లి నుంచి ప్రతిరక్షకాలు అందవు, జున్నుపాల ద్వారానే అందాలి. వాటిని పేగులు నేరుగా పీల్చుకునేది పుట్టిన తొలి రోజే. ఆ గడువులో తల్లి నుంచి దూరమైన దుప్పి పిల్ల ఎన్ని డబ్బాల పాలు తాగినా ఆ లోటు పూడదు. అలుగు సంగతి మరీ దారుణం. చీమలు, చెదలు తప్ప ఏమీ తినని ఆ జంతువు మన గదిలో నిలవదు. ఇంటికి తెచ్చుకోకుండా ఉండటమే దానికి మనం చేసే మేలు.

చీకటి, నిశ్శబ్దం, వెచ్చదనం

చిన్న జంతువుకు గాయమైందని రూఢి అయ్యాక, సాయం వచ్చేలోగా చేయాల్సింది కొంచెమే. ముందు అటవీ శాఖకు ఫోన్. ఎక్కడ, ఎప్పుడు చూశారు, ఎలా ఉంది, తల్లి కనిపించిందా అన్నవి చెప్పి, దూరం నుంచి తీసిన ఫొటో పంపాలి. వాళ్ళు ఎత్తమంటేనే ఎత్తాలి. మందపాటి తువ్వాలు మీద కప్పి, కళ్ళు మూసుకుపోయేలా, దాంతోనే పట్టుకోవాలి. గాలి ఆడేలా రంధ్రాలు పొడిచిన అట్టపెట్టెలో గుడ్డ పరిచి లోపల పెట్టాలి. పోగులు ఊడే గుడ్డ వద్దు, గోళ్ళకు చుట్టుకుంటుంది. పసిపిల్ల చల్లగా ఉంటే గోరువెచ్చని నీళ్ళు నింపిన సీసాను గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కనే ఉంచాలి, వేడెక్కితే జరిగేందుకు చోటుండాలి. మే నెల ఎండల్లో లెక్క తారుమారవుతుంది. అప్పుడు కావాల్సింది నీడ, గాలి. ఎండదెబ్బ తగిలిందని ఐసు నీళ్ళు కుమ్మరించడమూ తగదు.

పెట్టె మూశాక మాటిమాటికీ తెరిచి చూడకూడదు. టీవీ, కుక్క, పిల్లలు లేని గదిలో పెట్టాలి. నోట్లో నీళ్ళు పోయకూడదు. గాయం మీద పసుపు, కిరోసిన్ వద్దు. ఇంట్లో ఉన్న మాత్రలు అసలే వద్దు. పారాసిటమాల్‌ను విడగొట్టే ఎంజైము పిల్లి జాతికి సరిగా లేదు, మనకు జ్వరం తగ్గించే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

మన ప్రాణమూ ముఖ్యమే

రేబిస్ కుక్కలకే వస్తుందనుకోవడం పొరపాటు. అది క్షీరదాలన్నిటికీ సోకగల జబ్బు. మన దేశంలో ముంగిసల్లో, నక్కల్లో బయటపడింది. పట్టపగలు ఊళ్ళోకి వచ్చి, మనిషిని చూసి బెదరకుండా తూలుతూ తిరిగే నక్క మచ్చికైనది కాదు, జబ్బుపడినది కావచ్చు. కరిచినా, గీరినా, గాయం మీద చొంగ పడినా పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టడం ఇంకా చాలాచోట్ల ఉంది, మానుకోవాలి. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. చర్మం తెగి నెత్తురు వస్తే ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు దాదాపు మందు లేనట్టే. గబ్బిలాలను ఒట్టి చేతులతో తాకకూడదు. కేరళలో 2018 నుంచి పలుమార్లు తలెత్తిన నిపా వైరస్‌కు పెద్ద పండ్ల గబ్బిలాలే సహజ నిలయం. అంతమాత్రాన వాటిని చంపడమూ, చెట్లు కొట్టడమూ పరిష్కారం కాదు. మాంజాకు చిక్కిన గబ్బిలాన్ని నేర్పున్నవాళ్ళు వచ్చేదాకా గుడ్డ కప్పి ఉంచితే చాలు. కోతిపిల్లను ఎత్తబోతే ముందు మంద మీదపడుతుంది. మందలో ఇంకో ఆడకోతి దాన్ని చేరదీసే అవకాశమూ ఉంటుంది.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది ఎవరి చేతికి ఏ విధంగా వచ్చినా 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌కో అధీకృత అధికారికో తెలియజేయాలి, అడిగితే అప్పగించాలి. ఇంట్లో పెంచుకోవడం, జాలితోనే అయినా, నేరమే. కేసు పెడతారేమో అన్న భయంతో దాచిపెట్టేవాళ్ళున్నారు. దాచడమే చిక్కు తెస్తుంది, చెప్పడమే దారి చూపుతుంది.

అడవికి తిరిగి చేరే దారి

అప్పగించిన జంతువు ఏమవుతుంది? ప్రాణం నిలబెట్టడం మొదటి మెట్టు. కష్టమంతా ఆ తర్వాతే. మనిషి చేతిలో పెరిగిన పిల్లకు మనిషంటే భయం పోతుంది. భయం పోయిన జింక వేటగాడికి చిక్కుతుంది, భయం పోయిన ఎలుగు ఊళ్ళోకి వచ్చి మనిషి ప్రాణం తీస్తుంది. అందుకే మంచి కేంద్రాల్లో పిల్లలను ఒంటరిగా పెంచరు, సొంత జాతి తోటిపిల్లలతో కలిపి ఉంచుతారు. చూసుకునేవాళ్ళు ఒకరిద్దరే ఉంటారు, సందర్శకులు ఉండరు.

కాజీరంగా దగ్గర 2002లో మొదలైన వన్యప్రాణి పునరావాస కేంద్రం బ్రహ్మపుత్ర వరదల్లో కొట్టుకొచ్చిన ఖడ్గమృగం పిల్లలను ఇలాగే పెంచింది. వాటిని మానస్ జాతీయ ఉద్యానంలో వదిలితే అక్కడ పిల్లలను కన్నాయి. మాంసాహార జంతువులకు ఇంకా కఠిన పరీక్ష ఉంది. తల్లిలేని పులి కూనల విషయంలో జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ నియమావళి ప్రకారం, వదలాల్సిన పులి కనీసం రెండేళ్ళు ఆవరణలో పెరగాలి, అక్కడ 50 వేటలైనా సొంతంగా చేసి ఉండాలి. కాన్హాలో తల్లిని పోగొట్టుకున్న రెండు ఆడకూనలు పెద్ద ఆవరణలో వేట నేర్చుకుని, 2011లో పన్నా అడవికి వెళ్ళాయి. పులులే లేకుండా పోయిన ఆ అడవిలో అవి సొంతంగా వేటాడాయి, వాటికి పిల్లలూ పుట్టాయి. ఇంత శ్రమ, ఇంత స్థలం, ఇన్నేళ్ళు పట్టే పని కనుకే ఈ అదృష్టం కొద్ది జంతువులకే దక్కుతుంది. మిగిలినవి బతికినంతకాలం కంచె వెనకే. తల్లి దగ్గర వదిలేసిన పిల్లకు ఈ ఖర్చేదీ లేదు.

అందుకే అసలు పని జంతువు కనబడకముందే మొదలవ్వాలి. చెట్ల కొమ్మలు కొట్టించే ముందు గూళ్ళున్నాయేమో చూడటం, చేలోని దిగుడు బావికి గట్టు కట్టించడం, కూనలు కనిపించిన చెరకు మడిని రెండు మూడు రోజులు కోయకుండా వదలడం, రాత్రి అడవి దారిలో బండి వేగం తగ్గించడం పెద్ద ఖర్చులేని పనులే. మీ ప్రాంతపు బీట్ ఆఫీసరు, రేంజ్ ఆఫీసు ఫోను నంబర్లు కనుక్కుని పంచాయతీ గోడమీద రాయించండి. ఏమీ దొరక్కపోతే 112కి చేసినా కబురు చేరుతుంది. నంబరు ముందే చేతిలో ఉంటే, పిల్ల కనబడిన రోజు చేతులు దాన్ని ఎత్తడానికి కాకుండా ఫోను తీయడానికి కదులుతాయి.